స్ప్రింగంటే ఊటే!

మొన్న మా అమ్మాయి యూనిట్ టెస్టు పేపరు తెచ్చి బల్ల మీద పడేసి, మొహం ముడుచుకుని కూర్చుంది. అది ఐదో తరగతి. ఇంగ్లీషులో ఇరవైకి పందొమ్మిది వచ్చాయి. పోయిన ఆ ఒక్క మార్కు ఏమిటా అని చూశాను. 'చెట్లు ఏ కాలంలో చిగురిస్తాయి?' అన్న ఖాళీలో ఇది 'సమ్మర్' అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కనే టీచర్ చేతిరాతతో 'స్ప్రింగ్'.

"ఇందులో ఏడవడానికేముందే? స్ప్రింగ్ అని పదిసార్లు రాసుకో, గుర్తుంటుంది" అన్నాను. తల్లులం కదా, మనకి వెంటనే నోటికొచ్చే మాట అదే.

"నువ్వే కదమ్మా, ఎండాకాలం వచ్చింది, చింతచిగురు దొరుకుతోంది అని నిన్న పప్పు చేశావు? మరి సమ్మర్లోనేగా చిగురొచ్చింది?" అంది.

నాకు మాట పడిపోయింది. వంటింట్లో మిగిలిన చింతచిగురు పళ్ళెంలో ఆరబోసి ఉంది. ఒంటిపూట బడులు మొదలై రెండు వారాలయింది. ఆ మధ్యాహ్నపు ఎండలో గొడుగేసుకుని వెళ్ళి దీన్ని బడి నుంచి తీసుకొచ్చింది నేనే. వీధి చివర వేపచెట్టు లేతాకు వేసి, పూత కూడా రాల్చేస్తోంది. పిల్ల కళ్ళతో చూసిందే రాసింది.

అంతటితో ఊరుకుందా? "అయినా స్ప్రింగంటే పెన్నులో ఉండేది కదా! అది కాలమెలా అవుతుంది?" అంది.

ఆ ప్రశ్నతో నా మనసు ఒక్కసారిగా డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసురూములోకి వెళ్ళిపోయింది.

పదో తరగతి దాకా నేను చదివింది తెలుగు మీడియం, బందరు దగ్గర పల్లెటూళ్ళో. డిగ్రీలో ఇంగ్లీషు లెక్చరర్ గారు ఏదో పద్యం చెబుతూ "స్ప్రింగ్ అంటే ఏమిటి?" అని అడిగారు. నాకు తెలుసు! మా హైస్కూలు పుస్తకం వెనకాల పదాల అర్థాల్లో ఉంది. ఎన్నడూ లేనిది చెయ్యెత్తి "ఊట అండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. "అయితే ఇది ఊట కాలమన్న మాట!" అన్నారాయన కూడా నవ్వుతూ. ఆ ఏడాదంతా మగపిల్లలు నన్ను 'ఊటమ్మ' అని పిలిచారు. ఆయన చెడ్డవారేం కాదు. మంచిగా పాఠం చెప్పేవారు, ఆ నవ్వు ఆయనకి సాయంత్రానికే గుర్తుండి ఉండదు. నేను మాత్రం డిగ్రీ అయ్యేదాకా ఇంగ్లీషు క్లాసులో నోరు విప్పలేదు. పరీక్షలు రాశాను, పాసయ్యాను. ఇప్పటికీ పేరెంట్స్ మీటింగులో ఇంగ్లీషులో ఎవరైనా పలకరిస్తే తల ఊపి నవ్వుతాను గానీ, నోట్లోంచి మాట రాదు. ఇలాంటి 'ఊటమ్మలు' మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

సరే, పిల్లకి సమాధానం చెప్పాలి కదా. మర్నాడు వంట పెందలాడే ముగించుకుని మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడో బీరువాలో మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉంది. ఎవరూ ముట్టుకోక దుమ్ము పట్టి ఉంటే పమిటచెంగుతో తుడుచుకుని తెరిచాను. గంటన్నర కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ నాలో నేనే నవ్వుకుంటున్నాను. గ్రంథాలయం ఆయన ఏమనుకున్నారో మరి.

ఎందుకంటారా? స్ప్రింగ్ అనే మాటకి మూలం, వెయ్యేళ్ళ నాటి పాత ఇంగ్లీషులో 'స్ప్రింగన్' అనే క్రియ. దుమకడం, ఉబికి రావడం, చివాల్న పైకి లేవడం అని దాని అర్థం. దానికి మొట్టమొదటి నామవాచకం ఏమిటో తెలుసా? నేలలోంచి నీరు ఉబికి వచ్చే చోటు. అంటే ఊట! మన మహానంది కోనేట్లో ఏడాది పొడుగునా ఉబికి వస్తుందే, అది. కాలం అనే అర్థం ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకి గానీ రాలేదు. ఆ రోజు క్లాసులో నేను చెప్పింది తప్పు కాదు. పద్యానికి నప్పలేదంతే. మాటకి మాత్రం నాదే పెద్దరికం.

మరి ఆ కాలాన్ని అంతకుముందు ఇంగ్లీషువాళ్ళు ఏమనేవారు? 'లెంక్టెన్' అనేవారట. 'పొడుగు' అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. పగళ్ళు పొడుగయ్యే కాలం అని. లండన్లో డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. అదే జూన్ చివరికొచ్చేసరికి పదహారున్నర గంటలు. మన హైదరాబాదులో ఏడాదంతా చూసుకున్నా దాదాపు పదకొండు గంటలకీ, పదమూడు గంటలకీ మధ్యే ఊగిసలాట. మనం పట్టించుకోం. మధ్యాహ్నం మూడింటికే దీపం పెట్టుకుని, పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చున్న వాళ్ళకి, రోజుకి నాలుగు నిమిషాల చొప్పున పగలు పెరుగుతుంటే అది పండగే కదా! ఆ కాలానికి ఆ పేరు పెట్టుకోవడంలో వింతేముంది?

ఆ లెంక్టెనే తర్వాత్తర్వాత 'లెంట్' అయింది. మా పక్కవాటాలో ఉండే టీచరమ్మ ఈస్టర్ ముందు నలభై రోజులు ఉపవాసాలుంటారు, 'లెంట్ దినాలు' అంటారు. చూశారా, ఆ మాటే! ఉపవాసాలు ఆ కాలంలో వస్తాయి కనుక, కాలం పేరు ఉపవాసాలకి అతుక్కుపోయింది. చివరికి కాలానికి పేరు లేకుండా పోయింది. హాలెండు వాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ కాలాన్ని 'లెంటె' అనే అంటారు. ఆవిడకి ఈ సంగతి చెబితే, "ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, నాకే తెలీదండీ" అని తెగ సంబరపడ్డారు.

పేరు పోయిన ఆ చోట మన 'స్ప్రింగ్' వచ్చి కూర్చుంది. పదహారో శతాబ్దంలో 'స్ప్రింగ్ ఆఫ్ ద లీఫ్', 'స్ప్రింగ్ ఆఫ్ ద ఇయర్' అనడం మొదలుపెట్టారు. ఆకు ఉబికే వేళ, ఏడాది లేచే వేళ అని. దానికి జోడీగా 'ఫాల్ ఆఫ్ ద లీఫ్', ఆకు రాలే వేళ. వాడగా వాడగా తోకలు తెగి స్ప్రింగ్, ఫాల్ మిగిలాయి. ఇంగ్లండు నుంచి ఓడలెక్కి అమెరికా వెళ్ళినవాళ్ళు ఫాల్‌ని మూటగట్టుకుపోయారు. ఇంగ్లండులో ఉండిపోయినవాళ్ళు లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'ఆటమ్' అనే మాటకి అలవాటు పడ్డారు. ఈ రెండూ రాకముందు అక్కడి రైతులు ఆ కాలాన్ని 'హార్వెస్ట్' అనేవారు. కోతల కాలం. ఇది మాత్రం మన ఊళ్ళో మాటలాగే ఉంది కదూ! మన పల్లెల్లో 'కోతలప్పుడు పుట్టాడు', 'నాట్లప్పుడు పెళ్ళయింది' అనరూ?

ఇక పెన్నులో స్ప్రింగు సంగతి. నొక్కితే నొక్కుకుని, వదిలితే చివాల్న లేచేది కనుక దానికీ అదే పేరు. చుట్ట చుట్టిన ఉక్కు రేకు వచ్చాక, పదిహేనో శతాబ్దంలో గడియారం గోడ దిగింది. అంతకుముందు బరువులు వేలాడదీసి నడిపేవారు కనుక అది ఎత్తు మీద కదలకుండా ఉండాల్సిందే. స్ప్రింగొచ్చాక చేత్తో పట్టుకుపోయేంత చిన్నదయింది. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కథ ఇంకా సరదాగా ఉంటుంది. స్ప్రింగుని ఎంత బలంతో లాగితే అంత సాగుతుందని ఆయన కనిపెట్టి, ఎవరైనా ఎగరేసుకుపోతారేమోనని 1676లో ఆ వాక్యంలోని అక్షరాలని కలగాపులగం చేసి అచ్చు వేయించాడు. రెండేళ్ళ తర్వాత, 1678లో గానీ గుట్టు విప్పలేదు. మా అమ్మాయికి ఇది తెగ నచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో చీటీలన్నీ కలగాపులగం అక్షరాలే. 'పాలు తే' అన్న చీటీ చదవడానికి మావారికి పది నిమిషాలు పట్టింది.

నేను సముద్రం పక్కన పెరిగినదాన్ని. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువగా ఉంటుందని చిన్నప్పుడే తెలుసు. ఆ పెద్ద పోటుని ఇంగ్లీషులో 'స్ప్రింగ్ టైడ్' అంటారు. ఏడాదంతా నెలకి రెండుసార్లు వస్తుంది, వసంతానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. నీరు దుమికి పైకొస్తుంది కనుక ఆ పేరు. మన తెలుగు పాఠ్యపుస్తకం రాసిన పుణ్యాత్ములెవరో దాన్ని 'వసంత పోటు' అనకుండా 'పర్వవేలా తరంగం' అన్నారు. పర్వమంటే పున్నమీ, అమావాస్యా. మాట కాస్త బరువే గానీ, తప్పు మాత్రం చెప్పలేదు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

అన్నిచోట్లా ఇంత జాగ్రత్త ఉండదు. బజార్లో బండి మీద అమ్మే స్ప్రింగ్ రోల్సు చుట్టలుగా ఉంటాయి కనుక ఆ పేరొచ్చిందని మొన్నటిదాకా నేనే అనుకున్నాను. కాదట. చైనాలో వసంతం మొదట్లో చేసుకునే పిండివంట అది. వాళ్ళ పేరుకి మక్కీకి మక్కీ ఇంగ్లీషు చేస్తే స్ప్రింగ్ రోల్ అయింది. 'స్ప్రింగ్ క్లీనింగ్' కూడా అంతే. చలికాలమంతా తలుపులు బిగించుకుని బొగ్గులూ కట్టెలూ కాల్చిన ఇళ్ళలో గోడలకి మసి పడుతుంది. ఎండ రాగానే కిటికీలు తెరిచి కడిగి దులుపుకునేవాళ్ళు. ఇరాన్‌లో కూడా నౌరోజు పండగ ముందు ఇల్లంతా దులుపుతారు. మనం సంక్రాంతికో, ఉగాదికో బూజుకర్ర పట్టుకుంటాం. దేశమేదయినా కర్ర పట్టుకునేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. 'షీ ఈజ్ నో స్ప్రింగ్ చికెన్' అంటారు ఇంగ్లీషులో. 'ఆవిడేం లేత వయసుది కాదులే' అని దెప్పడం. చలి దేశాల్లో పూర్వం కోడిపిల్లలు వసంతంలోనే పొదిగేవి. ఆ లేత మాంసానికి మంచి ధర పలికేది. చలికాలం దాటిన ముదురు కోడిని ఎవరూ కొనేవారు కాదు. బజారులో కోడికి కట్టిన లెక్క తెచ్చి ఆడదాని వయసుకి కట్టారు. మగవాళ్ళని కూడా అనొచ్చట గానీ, నేను సినిమాల్లో విన్నప్పుడల్లా అది ఆడవాళ్ళ గురించే. మనవాళ్ళు ఈ విషయంలో తక్కువ తిన్నారని కాదు. 'ముదురు బెండకాయ' అంటారుగా! నాకూ త్వరలో నలభై నిండుతాయి, అందుకే ఇంత ఉలుకేమో.

దానికి విరుగుడుగా అదే పుటల్లో ఇంకో మాట దొరికింది. 'ఆఫ్‌స్ప్రింగ్'. సంతానం అని అర్థం. ఎవరి నుంచి ఎవరు ఉబికి వచ్చారో, వాళ్ళు. నాలుగు కిలోమీటర్లు ఎండలో నడిచినా అలుపు లేని, రోజుకి వంద ప్రశ్నలు వేసే పిల్లని కన్నదాన్ని కదా, ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు.

ఇంతకీ ఆ మార్కు సంగతికి వద్దాం. స్ప్రింగంటే వసంతం అని నిఘంటువుల్లో రాసి ఉంటుంది. నిజానికి వసంతానికి అసలైన చుట్టాలు వేరే ఉన్నారు. లాటిన్‌లో 'వేర్', పారశీకంలో 'బహార్', సంస్కృతంలో వసంతం, ఈ మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. ఇంగ్లీషు స్ప్రింగు ఆ ఇంటి పిల్ల కాదు, ఆ హోదాలోకి వచ్చిందంతే. మాటల చుట్టరికం మాట అలా ఉంచి, కాలాలైనా ఒకటేనా? వాళ్ళ స్ప్రింగు మార్చి, ఏప్రిల్, మే నెలలు. మంచు కరిగి, కోట్లు విప్పి, నాలుగు నెలలుగా మోడైన చెట్టు మీద ఆకుపచ్చ కనబడే రోజులు. అదే మే నెలలో మనకి రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని పంచాంగం చెబుతుంది. అదే చైత్ర వైశాఖాల్లో మా అత్తయ్య ఆవకాయకి కారం దంపిస్తూ "ఎండాకాలం మాడిపోతున్నాం" అంటారు. రెండూ నిజమే. పుస్తకంలో వసంతం, గుమ్మంలో ఎండాకాలం.

ఆకు రాలడం ఇంకా చిక్కు. 'ఆటమ్'ని తెలుగులో శరదృతువు అని రాసేస్తారు. మన శరత్తులో ఆకులు రాలతాయా? ఆశ్వయుజ కార్తీకాల్లో వెన్నెల, నిండు చెరువులు, పచ్చటి పొలాలు. మన ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. రాలిన నెలలోపే చిగురొస్తుంది. మోదుగ చెట్టయితే ఆకులన్నీ రాల్చేసి, చిగురు కన్నా ముందు ఎర్రగా పూసేస్తుంది. వాళ్ళకి ఆకు రాలడానికీ చిగురించడానికీ మధ్య ఒక చలికాలం మొత్తం ఉంది. మనకి మధ్యలో ఆదివారం కూడా లేదు. అలాంటప్పుడు వాళ్ళ నాలుగు గళ్ళలో మన చెట్లని ఎలా కూర్చోబెడతాం?

మా ఆడపడుచు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ స్ప్రింగు సెప్టెంబరులో మొదలవుతుంది. ఉగాది నాడు ఫోను చేసి "వదినా, ఇక్కడ ఆకులు రాలుతుంటే మేం నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకుంటున్నాం" అని నవ్వింది. వేపపువ్వు కోసం నేను ఎండబెట్టి పంపిన పొట్లాన్నే ఏడాదంతా దాచుకుంటుంది. ఇంగ్లీషు మాట్లాడే దేశంలోనే ఆరు నెలలు తేడా వస్తున్నప్పుడు, మన ఊరి పిల్ల 'సమ్మర్' అని రాస్తే అంత పెద్ద తప్పెలా అయింది?

పేరెంట్స్ మీటింగు రోజున ఆ పేపరు పట్టుకెళ్ళాను. టీచర్ చిన్నపిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు, పాపం ముప్ఫై ఐదు మంది పిల్లల పేపర్లు దిద్దిన నీరసంలో ఉంది. చింతచిగురు సంగతి తెలుగులోనే చెప్పాను. ఆ అమ్మాయి వింది. "మీరన్నది నిజమేనండీ. మా ఊళ్ళోనూ అంతే. కానీ కీలో స్ప్రింగ్ అనే ఉంది. నేను మార్కిస్తే పైవాళ్ళు నన్నడుగుతారు" అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ 'కీ' రాసినవారెవరో, వారు ఎప్పుడైనా చైత్రమాసంలో చెట్టు కింద నిలబడ్డారో లేదో మాత్రం అడగాలనిపించింది.

ఇంగ్లీషు వద్దనడం లేదు నేను. మా అమ్మాయికి నాలా నోరు పడిపోకూడదనేగా ఫీజులు కట్టి ఇంగ్లీషు మీడియంలో వేశాం! నాకు బాధేమిటంటే, అది చూసిన చెట్టు తప్పు, చదివిన చెట్టు ఒప్పు అని ఎర్ర సిరాతో దిద్దించుకోవడం. 'ఇంగ్లండులో చెట్లు ఏ కాలంలో చిగురిస్తాయి?' అని అడగొచ్చు కదా! ఒక్క మాట కలిపితే ప్రశ్నా బాగుపడుతుంది, పిల్లకి భూగోళమూ తెలుస్తుంది. 'మీ వీధిలో చెట్లు ఎప్పుడు చిగురిస్తాయి?' అని ఇంకో ప్రశ్న వేస్తే మరీ మంచిది. దానికి ఏ కీలోనూ జవాబుండదు గనుక టీచరు కూడా బయటికెళ్ళి చూడాల్సొస్తుంది.

తల్లులకీ ఒక మాట. పిల్లలు మాట అర్థం అడిగినప్పుడు "టీచర్ చెప్పింది రాయి" అనేసి వంటింట్లోకి పోతుంటాం. మనకి ఇంగ్లీషు రాదన్న బెరుకు. మీ ఊళ్ళో గ్రంథాలయం ఉంటే ఒక్కపూట వెళ్ళండి. చేతిలో ఫోనున్నా సరే, ఒక్క మాట పట్టుకుని దాని ఊరూ పేరూ విచారించండి. నేను ఆ రోజు స్ప్రింగు కోసం వెళ్ళి 'సమ్మర్' కూడా చూసొచ్చాను. సంస్కృతంలో ఏడాదిని 'సమా' అంటారే, దానికి అది చుట్టమట. ఇరవై ఏళ్ళు భయపడ్డ భాషలో మనవాళ్ళు ఇలా అక్కడక్కడ కనబడుతుంటే, పెళ్ళి పందిట్లో తెలియని జనం మధ్య మేనత్త కనబడినట్టు అనిపించింది.

ఇంటికొచ్చి ఇదంతా మా అమ్మాయికి చెప్పాను, 'ఊటమ్మ' కథతో సహా. అది పడీపడీ నవ్వి, తర్వాత ఎందుకో నా భుజం మీద తల పెట్టి కాసేపు ఊరికే కూర్చుంది.

నిన్న బళ్ళో 'స్ప్రింగ్' బొమ్మ వేసుకు రమ్మన్నారట. పుస్తకంలో గొర్రెపిల్లలూ, పసుపుపచ్చ పూలూ, ఎర్ర పెంకుల ఇల్లూ ఉన్నాయి. ఇది వేపచెట్టు వేసింది. చెట్టు కింద చలివేంద్రం కుండ, పైన కోయిల, పక్కన గొడుగేసుకుని ఒక ఆడమనిషి. ఆవిడ నేనేనట. మూలగా ఒక చిన్న ఊట కూడా గీసి, నీలం రంగు వేసింది. ఈ ఉదయం చుట్టచుట్టి పట్టుకెళ్ళింది. దిద్ది ఎప్పుడిస్తారో చూడాలి.